సింధూరం మీద సింధూరం

రెండేళ్ల కిందటి వేసవి. ఫిల్మ్‌నగర్‌లో ఒక సినిమా ప్రొడక్షన్ ఆఫీసులో రిపోర్ట్ డిజైనర్‌గా ఉన్నాను. మర్నాడు ఏ సీను, ఎక్కడ, ఎవరు ఎన్నింటికి రావాలి అన్న వివరాలను చదవడానికి వీలుగా పేజీల్లో అమర్చడం నా పని. సాయంత్రానికల్లా ఆ రిపోర్టు యూనిట్ వాళ్ల ఫోన్లకు వెళ్లిపోతుంది. పెద్ద నటులకు మేనేజర్లు ఫోన్ చేసి మరీ చెబుతారు. చిన్నవాళ్లకు రిపోర్టే దిక్కు.

మా సాఫ్ట్‌వేర్‌లో స్టైల్ రెండు చోట్ల పెట్టొచ్చు. గ్లోబల్ స్టైల్ రిపోర్టు మొత్తానికీ వర్తిస్తుంది. సెక్షన్ స్టైల్ ఆ ఒక్క భాగానికే. సెక్షన్‌కు విడిగా చెప్పింది నిలుస్తుంది, చెప్పనిదల్లా గ్లోబల్ నుంచి తెచ్చుకుంటుంది. వేళ మారిన సీన్లు కొట్టొచ్చినట్టు కనబడాలని మార్పుల సెక్షన్‌కు వెనక సింధూరం రంగు పట్టీ ఉండేది. అక్షరాల రంగు మాత్రం గ్లోబల్‌దే, నలుపు.

నేను సెలవులో ఉండగా మా ప్రొడక్షన్ మేనేజర్ సుబ్బరాజుగారికి ఓ ఆలోచన పుట్టింది. నిర్మాత ఆంజనేయస్వామి భక్తుడు. ఇండస్ట్రీలో సెంటిమెంటంటే తెలిసిందే కదా! ఆయన్ని మెప్పించాలని ఆ పట్టీ రంగునే ఎంచి, గ్లోబల్‌లో అక్షరాలకు పెట్టేశారు. తెల్ల పేజీ మీద సింధూరం అక్షరాలు లక్షణంగా ఉన్నాయి. మొదటి పేజీ చూసి మురిసిపోయి, రిపోర్టు పంపించేశారు. చివరిదాకా చూసే ఓపిక ఎవరికుంది!

సెలవయ్యి నేను ఆఫీసుకు రాగానే రజిత వచ్చింది. కృష్ణానగర్‌లో ఉండే జూనియర్ ఆర్టిస్టు. మొదటిసారి డైలాగున్న నర్సు వేషం దొరికింది పాపం. ముందురోజు మధ్యాహ్నం ఉండాల్సిన ఆమె సీను అదే రోజు పొద్దుటికి మారింది. అది తెలియక మధ్యాహ్నమే వెళ్లింది. అప్పటికే వేరే అమ్మాయితో సీను తీసేశారు. అంతటితో ఆగలేదు. ‘రజితకు బాధ్యత లేదు, ఇక పిలవకండి’ అని సుబ్బరాజుగారు కోఆర్డినేటర్ల గ్రూపులో పెట్టారు. జూనియర్ ఆర్టిస్టులకు పని ఇప్పించేది వాళ్లే. ఆ ముద్ర పడితే ఇక కృష్ణానగర్‌లో ఉండి లాభం లేదు.

“అక్కా, జర గిది చూడు. గీడ నా పేరు యాడుంది?” అని ఫోన్ నా ముందు పెట్టింది.

ఉత్త పట్టీ. నా కంప్యూటర్‌లో దాని మీద మౌస్ లాగితే, అదే రంగులో కలిసిపోయిన అక్షరాలు బయటపడ్డాయి. రజిత, నర్సు, ఉదయం ఏడు. నాకు ఒళ్లు మండిపోయింది.

సుబ్బరాజుగారిని పిలిచి చూపించాను. “అయ్యయ్యో! ఇలాగవుద్దని కలగన్నానా అండీ?” అని రజిత వైపు తిరిగారు. “ఏమనుకోకమ్మా, పొరపాటైపోయింది. ఇంకో సినిమాలో చూద్దాంలే.”

రజిత కదల్లేదు. “తిట్టుడేమో గ్రూపుల తిట్టిండ్రు సార్. మాఫీ గీ రూముల చెప్తే నాకేం అక్కరకొస్తది? పోయిన డైలాగ్ పోయింది. నా గలతీ లేదని గా గ్రూపులనే రాయుండ్రి.”

“అలా రాస్తే ఆఫీసు పరువేం కానమ్మా?”

“మరి ఆ పిల్లకు లేదా అండీ పరువు?” అని అరిచినంత పని చేశాను.

ఆయన ఫోన్ తీసి ‘సాంకేతిక లోపం వల్ల’ అని మొదలుపెట్టారు. “గట్ల కాదు సార్, నా పేరు రాయుండ్రి” అంది రజిత. చెరిపి మళ్లీ రాశారు: ‘రజిత తప్పేమీ లేదు. రిపోర్టులో రంగు మార్చి ఆమెకు కనబడకుండా చేసింది నేనే.’ అది గ్రూపులో పడేదాకా ఆమె ఆయన ఫోన్ మీంచి కళ్లు తీయలేదు.

ఆ వారంలోనే ఓ కోఆర్డినేటర్ ఆమెను పిలిచాడు. డైలాగు లేదు, గుంపులో నిలబడే వేషమే. అయినా వెళ్లింది.

సెక్షన్‌కు వెనక రంగు విడిగా పెడితే అక్షరాల రంగూ విడిగా పెట్టాలి. గ్లోబల్‌ను ముట్టుకుంటే ప్రతి సెక్షనూ తెరిచి చూడాలి. ఇదంతా ఏ ట్రైనింగ్‌లోనైనా చెబుతారు. రజిత నేర్పింది మాత్రం వేరు. నింద ఎంతమంది చెవిన పడిందో, అది తప్పన్న మాట కూడా అంతమంది చెవినా పడాలి. సాఫ్ట్‌వేర్‌లో మొత్తానికీ చేరే మార్పు ఒక్క క్లిక్కు. మనిషి చేత చేయించడానికి ఆ రోజు మేమిద్దరం పట్టుబట్టి నిలబడాల్సి వచ్చింది.