నానమ్మ ట్యాబ్‌లో తాతయ్య గొంతు

తాతయ్య భరించలేనిది ఈ లోకంలో ఒక్కటే: ఎక్కడైనా ఒక వెంట్రుక మిగిలిపోవడం. దారిలో ఎదురైన మనిషిని బాగున్నావా అని అడుగుతూనే మెడ చాచి అతని చెవి వెనక చూస్తాడు. గోడ మీది పిల్లికి మీసం వంకరగా ఉన్నా ఆగి ఆలోచించే రకం. ఊరందరికీ క్షవరం చేసి చేసి కళ్లు అలా తయారయ్యాయి. అలాంటి మనిషి ఇంట్లో, నానమ్మ ట్యాబ్ మీద, ఒక ఎర్రచుక్క పుట్టింది.

ట్యాబ్ అంటే మామూలు ట్యాబ్ కాదు. అది నానమ్మ నోరు. పక్షవాతం వచ్చి తగ్గాక ఆమెకు నడక చాలావరకు తిరిగొచ్చింది. కుడిచెయ్యి సగం వచ్చింది. మాట మాత్రం రాలేదు. ఎవరేమన్నా అర్థమవుతుంది, జవాబు గొంతు దాకా వచ్చి అక్కడ ఇరుక్కుంటుంది. రాద్దామంటే అక్షరాలు మొహం చాటేస్తాయి. ఆస్పత్రిలో మాటలు నేర్పే టీచరమ్మ ఒక ఉపాయం చెప్పింది. ట్యాబ్‌లో బొమ్మలు పెట్టి ఒక్కోదానికీ ఒక మాట రికార్డు చేస్తే, బొమ్మ నొక్కగానే మాట వినిపిస్తుందట. తాతయ్య దుకాణాల్లో ఉన్నవాటిలోకెల్లా చవకది వెతికి తెచ్చాడు. దాని బ్యాటరీ పుట్టు రోగిష్టిది, చార్జర్ తీసిన కాసేపటికే కళ్లు తేలేస్తుంది. రికార్డింగుకు మాత్రం ఇంకెవరి గొంతూ ఆయనకు నచ్చలేదు. తనే చేశాడు.

దాంతో ఏమైందంటే, సెలూన్ వెనక గది గుమ్మంలో కూర్చుని నానమ్మ గ్లాసు బొమ్మ నొక్కితే, "నీళ్లు కావాలి" అని తాతయ్య గొంతే తాతయ్యకు పని చెప్పేది. కొత్తవాళ్లు కుర్చీలో ఉలిక్కిపడి, పెదవి కదపకుండా నీళ్లడుగుతున్న ఈ మనిషిని అద్దంలో అనుమానంగా చూసేవారు.

ఇక ఎర్రచుక్క. తాతయ్య మొదట దాన్ని గుడ్డతో తుడిచాడు. పోలేదు. గోటితో గీకాడు. చివరికి ఎప్పుడూ వచ్చే బస్సు కండక్టర్ చూసి, అది మరక కాదని, కంపెనీవాళ్లు కొత్త సాఫ్ట్‌వేర్ పంపి వేసుకోమంటున్నారని, వేసుకుంటే స్పీడు వస్తుందని, చుక్క దానంతటదే పోతుందని చెప్పాడు. తాతయ్యకు స్పీడుతో పని లేదు. చుక్క పోతుందన్న మాట మాత్రం చెవికి తేనెలా తగిలింది.

నానమ్మ తల అడ్డంగా ఊపింది. చాలదని బొమ్మ నొక్కింది. "వద్దు" అంది తాతయ్య గొంతు. తాతయ్య తన మాట తనే వినలేదు. ట్యాబ్ ఆమె ఒళ్లోంచి తీసుకుని, అద్దం పక్కనున్న ఒకే ఒక్క ప్లగ్గులో పెట్టి, కనిపించిన ప్రతిదానికీ సరే కొట్టాడు. చార్జర్ తీయవద్దని తెర మీద పెద్దక్షరాలతో రాసి ఉంది. తీయనని తాతయ్య దానికి పైకే హామీ ఇచ్చాడు.

కండక్టర్ కుర్చీ ఎక్కాడు. డ్యూటీకి టైమవుతోందన్నాడు. క్షవరం మిషన్ ఒకవైపంతా చక్కగా నడిచి, రెండోవైపు మొదలుపెట్టేసరికి నీరసంగా గురక పెట్టి ఆగిపోయింది. ఆ తల చూడాలి, ఒకవైపు మైదానం, ఒకవైపు అడవి. అంత ఘోరం కళ్లెదుట ఉంటే తాతయ్యకు వేరే ఏదీ గుర్తుండదు. మిషన్ ఆగితే ప్లగ్గులో ఏది ఉన్నా పీకి మిషన్ పెట్టడం ఆయన చేతికి ఎన్నాళ్ల నుంచో అలవాటు. చెయ్యి ఆయన్ను అడగకుండానే ఆ పని చేసేసింది. అడవి కూడా శుభ్రమైపోయింది. కండక్టర్ మెడ దులుపుకుంటూ పరిగెత్తాడు.

ట్యాబ్‌కు మళ్లీ చార్జర్ పెడితే కంపెనీ గుర్తు వెలిగింది, ఆరింది, మళ్లీ వెలిగింది. అంతకు మించి ముందుకు కదల్లేదు. నానమ్మ దాన్ని ఒళ్లో బోర్లించి, అద్దంలోంచి తాతయ్యను చూసింది. ఆ చూపుకు బొమ్మలతో అవసరం లేదు.

తర్వాత ఇంట్లో అంతా ఊహాగానమే. ఆమె చెయ్యి ఊపితే ఆయన ఫ్యాన్ వేసేవాడు, ఆమె అడిగింది మందు. ఆమె మోకాలు చూపిస్తే కుర్చీ జరిపేవాడు. ఆమెకు కోపం వచ్చినన్నాళ్లూ తాతయ్య ధైర్యంగానే ఉన్నాడు. కానీ నెమ్మదిగా ఆమె అడగడం మానేసింది. దాహమైతే తనే గోడ పట్టుకుని వెళ్లడం, లేకపోతే ఊరుకోవడం. అది చూశాక ఆయనకు చేతిలో కత్తెర ఆడలేదు. సెలూన్ మూసి, ట్యాబ్‌ను తువ్వాలులో చుట్టుకుని ఫోన్లు బాగుచేసే అమ్మాయి దగ్గరికి వెళ్లాడు.

ఆ అమ్మాయి జరిగింది విని తల పట్టుకుంది. "అంటే, పొట్ట కోసి ఉండగా ఆపరేషన్ బల్ల మీంచి లాగేశారన్నమాట. అంతేనా బాబాయ్?"

తాతయ్య అంతేనన్నాడు. కొత్తది ఎక్కేటప్పుడు పాతది సగం చెరిగిపోయి ఉంటుందని, మధ్యలో కరెంటు పోతే అదీ ఇదీ కాకుండా పోతుందని, ఇలాంటి రోగిష్టి బ్యాటరీతో ఆ పని పెట్టుకోవడమే సాహసమని ఆమె చీవాట్లు పెట్టింది. అయినా ఏదో ఫైలు వెతికి ఎక్కించింది. తెర తెరుచుకుంది. బొమ్మలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. తాతయ్య ఆనందంలో చెప్పులు అక్కడే మరిచి ఇంటికొచ్చాడు.

నానమ్మ టీ కప్పు నొక్కింది. "బాత్రూంకి వెళ్లాలి" అంది ట్యాబ్. తాతయ్య పరుగున వచ్చి ఆమెను లేవదీశాడు. ఆమె విదిలించుకుని "వద్దు" నొక్కింది. "అవును" అని వినబడింది. ఆయన ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. ఇద్దరూ బాత్రూం తలుపు దాకా కుస్తీ పడుతూ వెళ్లాక గానీ ఆయనకు వెలగలేదు, ఎడమపక్క నొక్కితే కుడిపక్కది పలుకుతోందని. బతుకంతా అద్దంలో చూసి పనిచేసినవాడు కదా, ఎదురుపక్క నొక్కితే సరిపోతుందని తేల్చేశాడు. సరిపోలేదు. నానమ్మకు బాగా ఆడేది ఎడమచెయ్యే. ముఖ్యమైన బొమ్మలన్నీ ఆ వేలికి అందేలా ఎడమపక్క పెట్టింది ఆయనే. ఇప్పుడు గుక్కెడు నీళ్లడగాలంటే ఆమె అవతలి అంచు దాకా వంగాలి. కాసేపు వంగింది. తర్వాత ట్యాబ్ మీద తువ్వాలు కప్పేసింది.

మళ్లీ అమ్మాయి దగ్గరికి. ఈ చవకవాటికి వెనక రాసిన పేరు ఒకటే అయినా లోపలి బోర్డులు రకరకాలుగా ఉంటాయట, మొదట ఎక్కించింది వేరే బోర్డు ఫైలట. మూత విప్పి బోర్డు మీది నంబరు చూసి, దానికి సరిపోయే ఫైలు ఆమె పట్టుకుంది.

"ఇది లోపలిదంతా తుడిచేసి ఎక్కుతుంది బాబాయ్. మీ రికార్డింగులు ముందే మెమరీ కార్డులోకి తీసి పెడతా, బ్యాటరీ మారుస్తా. అయినా ఈసారి తేడా వస్తే ఇక ఇది లేవదు. ఎక్కించమంటారా?"

ఎక్కించమనడానికి తాతయ్య నోరు తెరిచాడు. అంతలో నానమ్మ కప్పిన తువ్వాలు చేతికి తగిలింది.

"నాది కాదమ్మా ఇది. అడిగొస్తా."

ఇంటికొచ్చి నానమ్మ ఎదురుగా ముక్కాలి పీట వేసుకుని కూర్చున్నాడు. కస్టమర్లు కూర్చునే కుర్చీ ఖాళీగా ఉన్నా అందులో కూర్చోవాలనిపించలేదు. జరగబోయేది, చెడితే ఏమయ్యేది, ఏదీ దాచకుండా చెప్పాడు. "నీ నోట్లో నేను చెయ్యి పెట్టాను. తప్పు నాదే. మళ్లీ పెట్టమంటావా, ఇలాగే ఉండనిమ్మంటావా? నువ్వు ఏదంటే అది."

 నానమ్మ లేచి చెప్పులు వేసుకుంది.

దుకాణంలో రిపేరు జరిగినంతసేపూ నానమ్మ ప్లగ్గు పక్కనే నిలబడి, దాని మీద అరచెయ్యి ఆనించి, ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. ఆ ఎవరూ అంటే తాతయ్యే. తెర వెలిగి, నొక్కినచోటే నొక్కినట్టు పలికాక గానీ చెయ్యి తీయలేదు.

మాటలన్నీ కార్డులో భద్రంగా ఉన్నాయి. కానీ తెర మీద బొమ్మలుండే గళ్లన్నీ ఖాళీ. తాతయ్య ఉత్సాహంగా మొదటి గడిలో నీళ్లు పెట్టబోయాడు. నానమ్మ ఆయన వేలు పట్టుకుని ఆపింది. ఆ గడిని చూపించింది, ఆయన నోటిని చూపించింది.

కొత్త మాట కావాలంటోందని అమ్మాయి అంది. తాతయ్య అడుగుతూ పోయాడు. ఆకలా? కాదు. దుప్పటా? కాదు. టీవీయా? నానమ్మ ఆయన్ను కిందనుంచి పైదాకా ఒక చూపు చూసింది. జబ్బుకు ముందు రోజూ చూసే చూపు. తాతయ్యకు గుర్తొచ్చింది. నానమ్మ నోరు బాగున్న రోజుల్లో తనను తిట్టిన మాటలన్నీ ఆయనకు వరసగా కంఠస్థమే.

"చాల్లెండి సంబడం. అదా?"

నానమ్మ తల నిలువుగా ఊపింది.

రికార్డు చేయడానికి ఆయన పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు. మొదటిసారి పాఠం అప్పజెప్పినట్టుందని ఆమె తల తిప్పేసింది. రెండోసారి మరీ మెత్తగా ఉంది. చివరికి మూతి తిప్పి, సాగదీసి అంటే ఒప్పుకుంది. రిపేరు అమ్మాయి స్క్రూలు కింద పోసుకుని నవ్వింది. తర్వాత "మీరూ మీ తెలివీ" ఎక్కింది. "చెప్తే వినరు కదా" ఎక్కింది. నీళ్లూ మందూ వాటి కింద సర్దుకున్నాయి.

పైవరసలో ఇంకో గడి మిగిలింది. తాతయ్యకు తెలిసిన తిట్లన్నీ అయిపోయాయి, ఆమె దేనికీ ఒప్పుకోలేదు. ఆయన ఫోన్‌లో రహస్యం చెప్పినట్టు ట్యాబ్ దగ్గరికి వంగి అన్నాడు, "నన్ను అడిగారా?"

ఆ మాటకు రెండోసారి చెప్పించలేదు నానమ్మ.

ఇంటిదారి పట్టారు. ట్యాబ్ కుడిచంకలో పెట్టుకుని ఆమె నాలుగడుగులకోసారి ఆగి అదే గడి నొక్కుతోంది. "నన్ను అడిగారా?" అని తాతయ్య గొంతు వీధంతా వినబడేలా నిలదీస్తోంది. దారిన పోయేవాళ్లు తిరిగి చూస్తున్నారు. తాతయ్య ప్రతిసారీ ఆగి, "లేదు, అడగలేదు" అని ఓపిగ్గా జవాబు చెప్పి, మళ్లీ ఆమె పక్కన నడిచాడు.