పడుగు మీద ఆటో, నా మీద వారంటు

దొంగను పట్టుకోండి అని పోలీసు స్టేషనుకు పోయి, నన్ను నేనే పట్టించుకున్న ఘనురాలిని నేను. ఎవరూ తరమలేదు, ఎవరూ పట్టుకోలేదు. నా కాళ్లతో నేనే నడిచి వెళ్లాను. నవ్వేవాళ్లు కొంచెం ఆపుకోండి, ముందు ఇంకా ఘోరం ఉంది.

ఆరేళ్ల కిందట ఎమ్మిగనూరులో మా వీధిలో పడుగుకు గంజి పెడుతున్నాం. అంటే చీర నిలువు దారాలన్నీ వీధి పొడవునా చాపి, గంజి పూసి, అది ఆరేలోపల కుంచెతో దువ్వాలి. ఆ కాసేపు దేవుడొచ్చినా పక్క సందులోంచి పోవలసిందే. అలాంటి సమయంలో ఒక ఆటో, ఎనుము మడుగులోకి దిగినట్టు మా పడుగులోకి దిగింది.

"రోడ్డు నీ మొగుడేయించినాడా పెద్దమ్మా?" అన్నాడు ఆటో అతను.

"రోడ్డు కాదప్పా, పడుగు ఏసినాడు నా మొగుడు. తెగిన పోగులు నువ్వు అతుకుతావా?" అంటూ పోగుల బదులు అతని వీపు మీద కుంచెతో రెండు దువ్వులు దువ్వాను.

అతను కేసు పెట్టాడు. ఆ సాయంత్రమే మా కుల పెద్దలు ఇద్దరినీ కూర్చోబెట్టి, ఇద్దరిదీ తప్పే అని తేల్చారు. నేను అతనికి ఒక తువాలు ఇచ్చాను. అతను టీ తాగి పోయాడు. పెద్దమనుషులు తేల్చాక కేసు ఇంకెక్కడుంటుంది? పోలీసులకు కూడా ఒక మాట చెప్పాలని నాకూ తోచలేదు, తువాలు భుజాన వేసుకున్న అతనికీ తోచలేదు.

కొన్నాళ్లకు ఒక కానిస్టేబులు కాగితం తెచ్చాడు. "కోర్టుకు రమ్మని రాసినారవ్వా. తేదీకి పోవాల."

"ఆ కేసు తెగిపోయినాది నాయనా. తువాలు గూడ ఇచ్చినాము."

"తువాలు సంగతి నాకు తెల్దు. ఈడ సంతకం పెట్టు."

పెట్టాను. కాగితం మాత్రం మంచిది. దళసరిగా ఉంది, వెనక వైపు తెల్లగా ఉంది. అంత కాగితాన్ని పారేసే చెయ్యి కాదు నాది. వెనక గళ్లు గీసి, కొత్త చీర అంచుకు మామిడిపిందెల బొమ్మ వేసి, మగ్గం ముందు గోడకు మేకు కొట్టి తగిలించాను. పిందెలు నా వైపు, కోర్టు తేదీ గోడ వైపు. కోర్టు పిలుపు ముక్కుకు ఎదురుగా వేలాడుతుంటే, దానిని చూసుకుంటూ చీర మీద చీర నేశాను.

మరి కొన్నాళ్లకు మామూలు బట్టల్లో ఒకాయన వచ్చి "నరసమ్మ ఉందా?" అని నన్నే అడిగాడు. చేతిలో ఫైలు ఉంది. బీమా అంటగట్టే మనిషే అనుకున్నాను.

"నరసమ్మ ఆదోనిలో కూతురింటికి పోయినాది. యెప్పుడొస్తాదో తెల్దు."

"మరి నువ్వెవురవ్వా?"

"నేనా? పక్కింటిదాన్ని."

ఆయన శ్రద్ధగా రాసుకొని పోయాడు. ఆ రోజంతా నా తెలివికి నేనే మురిసిపోయాను.

పోయిన ఏడాది ఆదోని బస్సులో నా చీరల మూట ఎవరో ఎత్తుకుపోయారు. కోపంగా స్టేషనుకు పోయాను. హెడ్ కానిస్టేబులు పేరు అడిగాడు, వీధి అడిగాడు, ఆ తర్వాత తలెత్తి నన్ను తేరిపార చూశాడు. అప్పుడు గుర్తుపట్టాను. ఆ బీమా మనిషే!

"ఆదోని నుంచి యెప్పుడొచ్చినావు నరసమ్మవ్వా?"

నేను కొంగు తల మీదికి లాక్కున్నాను.

"కోర్టుకు రాలేదని నీ మీద అరెస్టు వారంటు ఉండాది."

"నేను పోయిన మూట కోసరం వచ్చినానప్పా."

"మేము పోయిన మనిషి కోసరం తిరుగుతాండాము. మాది దొరికినాది." స్టేషను స్టేషనంతా నవ్వింది. తర్వాత ఆయనే కాస్త మెత్తబడ్డాడు. "ఈ పొద్దే జడ్జి ముందర నిలబడి వారంటు రద్దు చేయించుకోవాల. జామీను నిలబడే మనిషిని పిలిపించుకో. లేకుంటే జైలే."

మా పెద్దమనుషులకు ఫోన్లు చేయించాను. ఒకాయనకు అప్పుడే మోకాలి నొప్పి పుట్టింది. ఒకాయన పెళ్లిలో ఉన్నాడు. మూడో ఆయన ఫోను ఎత్తనే లేదు. చివరికి వచ్చింది ఎవరనుకున్నారు? మా కోడలు పద్మ. ప్రతి కాగితాన్నీ కవరులో పెట్టి దాస్తుందని నేను ఏళ్ల తరబడి దెప్పిన పద్మ. పుట్టింటివాళ్లు తన పేరున రాసిచ్చిన ఇంటి పన్ను రసీదు పట్టుకొని, ఒక వకీలును కూడా వెంటబెట్టుకొని వచ్చింది.

"ఇన్నాళ్లూ ఎందుకు రాలేదమ్మా?" అన్నారు జడ్జిగారు.

"పెద్దమనుషులు తేల్చినారు సామీ. తువాలు గూడ ఇచ్చినాము."

"ఆ తువాలు కోర్టుకు అందలేదమ్మా" అని, ఆయన పద్మ వైపు తిరిగారు. "ఈమె మళ్లీ రాకపోతే మీదే బాధ్యత. తీసుకొస్తారా?"

సంతలో నేను వంకాయను చూసినట్టు, పద్మ నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"చెప్పిన మాట ఇంటే తెస్తాను సార్."

వారంటు రద్దయింది. కేసుకు మళ్లీ వాయిదా పడింది. ఇంటికి వచ్చి కంచం ముందు కూర్చున్నాను. అలవాటు కొద్దీ నోరు లేచింది. "పప్పులో ఇంత నూనె యేందే?"

"అత్తా, నచ్చకుంటే జామీను యెట్లా వాపసు తీసుకోవాలో వకీలునడిగి తెలుసుకొచ్చినాను" అంది పద్మ, ఎంతో మర్యాదగా.

"పప్పు శానా కమ్మగుంది" అన్నాను.

అందువల్ల, చదివే మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ముద్ర ఉన్న కాగితం వెనక ఇక బొమ్మలు వేయను. ఎవరు అడిగినా నా పేరు నాదేనని ఒప్పుకుంటాను. కేసు కొట్టేసేదాకా కోడలి పప్పును రోజూ మెచ్చుకుంటాను.

మొదటి రెండూ సులువే.