పెట్టాల్నా, వద్దా?

చేవెళ్లలో పొద్దుటి బస్సు ఎక్కితే ముందుగా కొత్తిమీర వాసన తగులుతుంది. పట్నం మార్కెట్‌కు వెళ్లే మూటలు ఇంకా నీళ్లు కారుతూ సీట్ల మధ్య దారంతా ఆక్రమించుకుని ఉంటాయి. స్కూటీ కొన్నాక నేను బస్సు ముఖం చూడడం మానేశాను. మొన్న అది మెకానిక్ దగ్గర ఉండిపోవడంతో మళ్లీ ఎక్కాను. చీర కుచ్చిళ్లు తడవకుండా ఎత్తిపట్టుకుని నిలబడగానే రూతమ్మ టీచర్ గుర్తొచ్చారు. ఆ మూటల మధ్యే కాళ్లు ముడుచుకుని కూర్చుని, కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి, ఒక్క వేలితో ఫోనులో టైపు చేసుకునేవారు. ఆమె పోయి రెండేళ్లు కావస్తోంది.

చిన్న మంగళారం బడిలో నేను కొత్తగా చేరినప్పుడు ఆమె అక్కడ సీనియర్. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే, సోమవారం బడిలో గంట కొట్టేది ఆమే. ఆమెకు ఒక బ్లాగు ఉండేది. బడిలో జరిగిన సంగతులు, ముఖ్యంగా తాను చెప్పగా పిల్లలకు అర్థం కాని పాఠాలు, అందులో రాసేవారు. తర్వాత వాటినే ఫేస్‌బుక్‌లోనూ పెట్టడం మొదలుపెట్టారు. ఎక్కడెక్కడి టీచర్లో చదివి, తమ తరగతి గదుల గోడు కింద రాసుకునేవారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఆమె పేజీలో మాత్రం చెప్పే మనిషే అందరికంటే లోకువ. "ఈ రోజు భాగహారం చెప్పిన. నాకు తప్ప ఎవ్వరికీ సమజ్ కాలేదు" అని మొదలుపెట్టగలిగిన టీచర్‌ను నేను ఇంకొకరిని చూడలేదు. ఇప్పుడు మాలో చాలామంది పిల్లలను వెనక వరసగా నిలబెట్టి, ముందు తాము నవ్వుతూ వీడియోలు తీస్తున్నాం. చూసేవాళ్లు లక్షల్లో ఉంటున్నారు. అందుకు నాకేం కోపం లేదు. కాస్త ఉంది.

ఆమె పద్ధతి ఒకటి నాకు మొదట్లో చాదస్తంగా తోచేది. ఏది రాసినా శనివారం చివరి పీరియడ్‌లో తరగతికి చదివి వినిపించేవారు. పిల్లలు నవ్వేవారు, తప్పులు దిద్దేవారు. "అగో, నేను ఏడ్వలే టీచర్, కంట్ల నలుసు పడ్డది" అని తగాదా పెట్టుకునేవారు. అంతా అయ్యాక, ఆ సంగతి ఎవరిదో ఆ పిల్లనో పిల్లవాడినో దగ్గరికి పిలిచి, "పెట్టాల్నా, వద్దా?" అని అడిగేవారు. వద్దంటే అక్కడికక్కడే తీసేసేవారు. ఎందుకు వద్దని ఒక్కసారీ అడగలేదు.

ఒకసారి మంచి రాత అట్లా పోతుంటే నేను ఉండబట్టలేకపోయాను. "కారణమన్న అడుగుండ్రి టీచర్" అన్నాను.

"అడిగితే ఏమైతది? అబద్ధమన్న చెప్తడు, లేకుంటే నా మొకం చూసి సరే అంటడు. రెండూ నాకొద్దు బిడ్డ" అన్నారు.

ఆమె రాసినవాటిలో అందరికీ తెలిసింది లావణ్య సంగతి. నాలుగో తరగతిలో ఆ పిల్లకు నత్తి. చదవమంటే మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయి తలదించుకునేది. ఒకసారి మొయినాబాద్ అంగడిలో తల్లి పక్కన కూర్చుని అదే పిల్ల పచ్చిమిర్చి ధర గొంతెత్తి, రాగం తీసి, ఎక్కడా తడబడకుండా అరుస్తుంటే టీచర్ విన్నారు. మర్నాడు తెలుగు పాఠాన్ని మిర్చి అమ్మే రాగంలో చదివించారు. లావణ్య చదివింది. వెనకాల తరగతి మొత్తం అదే రాగం అందుకుంది. ఆ వారం చదివి వినిపించి అడిగితే, "పెట్టుండ్రి టీచర్!" అని ఆ పిల్ల గట్టిగా అరిచిందట. నేను చేరేసరికే ఆ రాత ఊళ్లు దాటిపోయింది.

కొన్నేళ్లకు, టీచర్ల బ్లాగుల్లో మంచివాటిని ఎంపిక చేసే పట్నం సంస్థ ఒకటి ఆమెకు ఫోను చేసింది. ఎంపికైన టీచర్ బడికి ఒక చదువుల గది కట్టిస్తారు, పుస్తకాలతో సహా. మా పిల్లలు స్టాఫ్ రూములోని బీరువా ముందు నిలబడి, వంతులేసుకుని పుస్తకాలు చూసేవారు. ఊళ్లోకి ప్రైవేటు బడుల పసుపు బస్సులు వస్తూనే ఉన్నాయి. ఆ గది ఉంటే నలుగురు పిల్లలైనా ఆగుతారని ఆమె ఆశ. గది ఎటువైపు ఉండాలో, కిటికీ ఎక్కడ రావాలో మేమిద్దరం బస్సులో మాట్లాడుకునేవాళ్లం. వాళ్లకు నచ్చింది లావణ్య సంగతే. సోమవారం బడి చూడడానికి వస్తామన్నారు.

అంతకుముందు శనివారం బడి వదిలే వేళకు లావణ్య వచ్చింది. అప్పటికి గండిపేట దగ్గర కాలేజీలో ఇంటర్ చదువుతోంది. నన్ను చూసి కాస్త సంకోచించి, టీచర్ వైపు తిరిగింది.

"టీచర్, నా మీద రాసింది తీసేయుండ్రి. కాలేజీల తోటోళ్లకు దొరికింది. ఎదురైనోళ్లంత 'మిర్చి ఎట్లిస్తున్నవ్' అంటున్నరు. క్లాసుల లేచి నిలబడాలంటే మళ్ల నోరు పడిపోతున్నది."

టీచర్ ఏమీ అనకముందే నేను కలగజేసుకున్నాను. "పేరు మారిస్తే సరిపోతది గద, లావణ్యా."

"పేరు మార్చినా చిన్న మంగళారం మారదు గద, మేడం. మిర్చి అమ్మే మా అవ్వ మారదు."

రూతమ్మ టీచర్ ఫోను తీసుకున్నారు. నేను ఆమె చెవి దగ్గరికి వంగి, "సోమవారం వస్తున్నరు టీచర్. రెండు రోజులు ఆగితే ఏమైతది?" అన్నాను.

ఆమె లావణ్య వైపు తిరిగారు. "నాలుగో తరగతిల నువ్వు ఔనన్నవ్ బిడ్డ. ఆ ఔను ఇంతకాలం నడుస్తదనుకున్న. మల్ల అడగాల్సింది, తప్పు నాది" అని ఆ పిల్లతో అని, రెండు చోట్లా తీసేసి, తెర ఆ పిల్లకే చూపించారు. లావణ్య నిలబడే ఏడ్చింది. "కూసో, చాయ్ తాగి పో" అన్నారు టీచర్.

సోమవారం వచ్చినవాళ్లు మర్యాదస్తులే. ఆ రాత ఏదని అడిగారు. తీసేశానని చెప్పారామె. ఎవరి కోసమో చెప్పలేదు. వాళ్లు మిగతా రాతలు చూశారు, బాగున్నాయన్నారు, మా ఎండు బిస్కెట్లు తిని వెళ్లారు. చదువుల గది వేరే బడికి వెళ్లింది. నోటికాడి ముద్ద జారిపోయినట్టయింది నాకు. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

మూడో రోజు బస్సులో ఆమే నా పక్కన కూర్చున్నారు.

"కోపమొచ్చిందా?"

"మీకు బాధ లేదా టీచర్?"

"ఎందుకుండదు? ఆ గది కోసం ఎన్ని ఆదివారాలు ప్రార్థన చేసిన్నో నాకే ఎరుక. ఇప్పుడు గూడ బాధే ఉన్నది. కానీ ఆ పిల్లకు నోరొచ్చిందని రాసి, ఆ రాతతోనే దాని నోరు మూయిస్తే ఎట్ల?" అన్నారు. మా బడికి దిగాల్సిన మొయినాబాద్ వచ్చింది. దిగిపోయాం. ఆమె రిటైరయ్యేదాకా మా బడికి చదువుల గది రాలేదు. ఇప్పటికీ లేదు.

ఇప్పుడు నాకూ ఒక పేజీ ఉంది. చదివేవాళ్లు బాగానే ఉన్నారు. శనివారం చివరి పీరియడ్ మాత్రం ఆమెదే. పోయిన నెల మా తరగతిలోని యాకోబు మీద ఒకటి రాశాను. తండ్రి దవాఖానలో ఉన్నన్నాళ్లు ఆ పిల్లవాడు బడికి వస్తూ, తమ్ముడిని కూడా వెంట తెచ్చి, ఒళ్లో కూర్చోబెట్టుకుని లెక్కలు చేసిన సంగతి అది. నా చేతి మీదుగా అంత మంచి రాత ఇంతవరకు రాలేదు. శనివారం తరగతికి చదివి వినిపించాను. వాడిని పిలిచి అడిగాను.

వాడు తల అడ్డంగా ఊపాడు. "వద్దు టీచర్."

ఎందుకు అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. సరేనని ఫోను పక్కన పెట్టబోతుంటే వాడు నా కొంగు పట్టుకుని, మిగతావాళ్లకు వినపడకుండా అన్నాడు.

"ఇంకోసారి చదువుండ్రి టీచర్."