చెవుల్లో హోరు

మా అన్న రాక్ పాడేవాడంటే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. "ములకలపల్లిలోనా?" అని నవ్వుతారు. అవును, ములకలపల్లిలోనే. నాన్న ఫారెస్టు గార్డు. ఆ పెంకుల క్వార్టర్లో, ఎనభైల్లో, నా ఒక్కగానొక్క అన్న ఎలక్ట్రిక్ గిటారు మోగించేవాడు. డిగ్రీకని ఖమ్మం పోయి, డిగ్రీ బదులు ఆ గిటారు పట్టుకొచ్చాడు. దాని వైరు మా రేడియో వెనకాల గుచ్చితే, రేడియోలోంచి గిటారు అరిచేది. నాన్న వార్తలు వినడం ఆ రోజుతో బందయింది.

పాటలు తనే రాసుకునేవాడు. రాని బస్సు మీద ఒకటి, బీడీల తునికాకు ఆరబోసే కల్లం మీద ఒకటి. గొంతు చించుకుని పాడుతుంటే పక్క క్వార్టరు పెద్దమ్మ తలుపు దగ్గరికి వచ్చి, "పిలగానికి ఏమైందే, కడుపు నొస్తుందా ఏంది?" అని అడిగేది. అన్న పడీ పడీ నవ్వి, ఆమె కోసమే ఇంకోసారి పాడేవాడు. నాకప్పుడు పద్నాలుగేళ్లు. మా అన్న కంటే గొప్పవాడు లోకంలో లేడనుకునేదాన్ని. ఇప్పుడూ అదే అనుకుంటాను. కాదంటే పోట్లాడతాను.

మా వైపు వానలు పడితే చలిజ్వరం ఇల్లిల్లూ తిరిగేది. పదిహేను రోజులకోసారి మలేరియా సారు సైకిలు మీద వచ్చి, జ్వరమున్నవాళ్ల వేలు పొడిచి, రక్తం బొట్టు గాజుపలక మీద పూసి, చేదు బిళ్లలు ఇచ్చిపోయేవాడు. ఒకసారి అన్న అవి మింగాడు. జ్వరం తగ్గింది కానీ చెవుల్లో హోరు పట్టుకుంది. ఆ హోరుతోనే కొత్తగూడెంలో ప్రోగ్రాంకు పోయాడు. తీగలు శ్రుతి చేసుకోలేకపోయాడు. సగం పాటలోనే జనం ఈలలు వేసి దించేశారు. ఇంటికొచ్చి, "చెవులే పోయినంక నాకింకేముందే చెల్లే?" అన్నాడు. అన్న ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

మరుసటి ఏడు వానల్లో మళ్లీ జ్వరం. పది రోజుల్లో ఖమ్మంలో పెద్ద ప్రోగ్రాం ఉంది. అన్నా, ముగ్గురు స్నేహితులూ ఆరునెలల నుంచి దానికోసమే ప్రాక్టీసు చేస్తున్నారు. మలేరియా సారు చూస్తుండగా అన్న బిళ్లలు నోట్లో వేసుకుని నీళ్లు తాగాడు. ఆయన సైకిలు మలుపు తిరగగానే వాటిని నా అరచేతిలోకి ఉమ్మాడు.

"అమ్మకు చెప్పకు. మళ్ల ఆ హోరు పట్టుకుంటే ఈసారి పోతదో పోదో. ప్రోగ్రాం అయినంక అన్నీ మింగుత, నీ మీద ఒట్టు."

"గట్లనే" అన్నాను. మిగతా బిళ్లలతో కలిపి పెరట్లో పాతిపెట్టాను. అమ్మ "మందేసుకున్నడా?" అని అడిగిన ప్రతిసారీ "అవ్" అన్నాను.

ప్రోగ్రాం ఇంకా నాలుగు రోజులుందనగా జ్వరం తలకెక్కింది. ఫారెస్టు జీపులో ఖమ్మం దవాఖానాకు తీసుకెళుతుంటే నా మణికట్టు పట్టుకుని, దాని మీద వేళ్లు నొక్కుతూనే ఉన్నాడు. గిటారు అనుకున్నాడేమో. జూలూరుపాడు దాటాక ఆ వేళ్లు ఆగిపోయాయి. అన్నకు ఇరవై మూడేళ్లు.

అమ్మ ఆ చావును మలేరియా సారు మీద వేసింది. ఆయన వచ్చినప్పుడల్లా వాకిట్లో నిలబెట్టి, "సున్నపు బిళ్లలిచ్చి నా కొడుకును సంపినవ్!" అని తిట్టేది. ఆయన తల వంచుకుని వినేవాడు. గాజుపలకల పెట్టె సర్దుకుని పోయేవాడు. నేను తలుపు వెనక నిలబడి ఊరుకునేదాన్ని, సిగ్గులేనిదాన్ని.

ఏడాది తిరిగేసరికి నాకూ జ్వరం వచ్చింది. ఆయన బిళ్లలు నా చేతిలో పెట్టి, "నా ముందల్నే మింగు బిడ్డా. మింగి నోరు తెరిచి చూపియ్యి" అన్నాడు. ఆయనకు ఎప్పుడో అనుమానం వచ్చిందని అప్పుడు అర్థమైంది. అయినా అమ్మతో ఒక్క మాట అనలేదు. మింగాను. సాయంత్రానికి చెవుల్లో హోరు మొదలైంది. అన్న భయపడింది దీనికే. దుప్పటి కప్పుకుని దాన్నే వింటూ పడుకున్నాను. మూడో రోజు పొద్దున లేచేసరికి హోరు లేదు. పెరట్లో అమ్మ బోళ్లు తోముతున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది.

వెళ్లి అమ్మ ముందు కూర్చుని అంతా చెప్పాను. బిళ్లలు పాతిన చోటు కూడా చూపించాను. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది. అమ్మ బూడిద చేతులతో అట్లాగే నా వైపు తిరిగి అడిగింది.

"ఎన్ని రోజులుంటదే, ఆ హోరు?"

"రెండు రోజులే, అమ్మా."