ఖాళీ కారులో పుట్టింటికి

పెట్రోలు ధర మండిపోయిన రోజుల్లో మా ఆయన తన పాత అమెరికా కారుకి డీజిల్ ఇంజను పెట్టించారు. ఆ కారంటే ఆయనకి పిచ్చి. నాకు ఒళ్ళుమంట.

ఇంజను బరువుకి కారు ముక్కు కిందికి దిగింది. బ్రేకు తొక్కితే వెనక చక్రాలు ముందే పట్టేసి, తోక పక్కకి తిరిగేది. ముందు బ్రేకులకీ వెనక బ్రేకులకీ పట్టు సరిచెయ్యమని బెజవాడలో మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళారు.

"ఎనక బరువేస్తే ఎనక పట్టు ఎక్కువ కావాలండి. ఖాళీగా తిప్పితే తగ్గించాలి. మీరెట్టా తిరుగుతారో చెప్పండి, అట్టా బిగిస్తా," అన్నాడట అతను.

"మా కారు ఖాళీగా ఎప్పుడు తిరిగిందయ్యా?" అన్నారట ఈయన.

నిజమే. మా ఊరినుంచి బెజవాడ వెళ్ళే కారంటే డిక్కీలో బియ్యం బస్తాలు, వెనక సీట్లో చుట్టాలు. అందుకని బస్తాలు వేసి, మా మరుదులిద్దర్నీ వెనక కూర్చోబెట్టి, హనుమాన్ జంక్షన్ దగ్గర రోడ్డు మీద తొక్కి చూసి మరీ బిగించారు. గీత గీసినట్టు ఆగుతోందని ఇంటికొచ్చి ఒకటే గొప్పలు.

నాకు అప్పుడు ఏడో నెల. అంతకుముందు ఒక కాన్పు పోయింది. గ్లాసు కిందపడినా గుండె దడదడలాడేది.

పుట్టింటికి వెళ్ళే రోజు, నన్ను తీసుకెళ్ళడానికి రావాల్సిన మా నాన్నకి నలతగా ఉంటే, బెజవాడ పటమటలో మా ఇంటిదాకా తనే దిగబెడతానన్నారు మా ఆయన. అత్తగారు గుమ్మంలో సర్దించిన బియ్యం, మినుములు అన్నీ ఈయన తీయించేశారు. ఎక్కబోయిన మరుదుల్ని దిగిపొమ్మన్నారు.

"బరువేస్తే బండి గుంటల్లో దిగుద్దమ్మా. కడుపుతో ఉన్నదానికి కుదుపు తగలకూడదు," అన్నారు వాళ్ళమ్మతో. నాకు ముచ్చటేసింది, అబద్ధమెందుకు. మామగారు ప్రార్థన చేసి పంపారు.

కాలవగట్టు ఎక్కాక నాకు తట్టింది.

"ఏవండీ, బస్తాలు లేవుగా. మరి బరువుకి బిగించిన ఆ బ్రేకులో?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. వేగం తగ్గించారు. వెనక్కి తిప్పుకుందామంటే గట్టు మీద చోటు లేదు. నా పక్కనే కాలవ నిండుగా పారుతోంది. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని కూర్చున్నాను.

మలుపులో గేదె అడ్డమొచ్చింది. ఆయన తొక్కక తప్పలేదు. వెనక చక్రాలు బిగుసుకుపోయి, కారు తోక కాలవ వైపు జారింది. నేను ముందుకి తూలి చేతులు అడ్డం పెట్టుకున్నాను. ఆగేసరికి వెనక చక్రం ఒకటి గట్టు అంచున ఉంది.

ఆయన తన వైపు నుంచి నన్ను లాగి దించారు. "బిడ్డ కదులుతుందా?"

కదల్లేదు. పొద్దుట్నుంచీ తన్నుతూనే ఉన్న బిడ్డ ఊరుకుంది. ఆయన అడుగుతూనే ఉన్నారు, నేను తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాను. గట్టు మీద గడ్డి కోసుకుంటున్న ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చి, నన్ను పక్కకి తిప్పి పడుకోబెట్టి, మంచినీళ్ళు తాగించారు.

"కంగారుపడమాక తల్లీ. బెదురుకి ముడుచుకుంటారు పిల్లలు," అంది ఒకావిడ. ఆవిడ ముఖంలోనూ కంగారే ఉంది. మా ఆయన మట్టిలో కూలబడ్డారు. పోయినసారి ఆస్పత్రి వరండాలోనూ ఆయన ముఖం అలాగే ఉంది. నేను దేవుణ్ణి కూడా అడగలేకపోయాను.

చాలాసేపటికి పక్కటెముక కింద ఒక తన్ను.

"కదిలిందండీ," అన్నాను.

ఆయన నమ్మలేదు. "నన్ను ఊరుకోబెట్టడానికి అంటున్నావా?"

"నన్ను కాలవలో ముంచబోయిన మనిషి కోసం అబద్ధమాడే ఓపిక లేదు నాకిప్పుడు," అని ఆయన చెయ్యి లాక్కుని పొట్ట మీద పెట్టుకున్నాను.

నలుగురిలో నా పక్కన నడవడానికే సిగ్గుపడే మనిషి ఆయన. బిడ్డ మళ్ళీ తన్నేదాకా, అంతమంది చూస్తున్నా, ఆ చెయ్యి తియ్యలేదు.