సగం పనితో ఆగని చాచా

కోరుట్లలో మందుల దుకాణం చాచా ఇక లేరని పొద్దున్నే అమ్మ ఫోన్ చేసింది. సిరిసిల్లలో మా ఇంట్లో, చేతికి రొట్టెపిండి ఉండగానే నేలమీద కూర్చుండిపోయాను. ఆయన నాకు చుట్టం కాదు. కానీ ఈ నాలుగు మాటలు రాయడానికి నేను బతికి ఉన్నానంటే ఆయన చలవే.

మా పుట్టింటి వీధి చివరే ఆయన దుకాణం. మనిషి ముక్కోపి. "గా టీవీల చూపిచ్చిన గోలియ్యి" అని ఎవరైనా అడిగితే, "పోయి టీవీనే అడుగు, ఇస్తది" అనేవారు. అదే మనిషి, కొత్త మందు ఇచ్చిన ప్రతివారినీ వారం పది రోజుల్లో తానే పలకరించేవారు. "గోలి అమ్ముడు సగం పనే. అది ఒంట్ల ఏం జేసిందో అడుగుడు మిగిలిన సగం" అనేది ఆయన మాట. పనిలేక అడుగుతున్నాడని మేం నవ్వుకునేవాళ్లం.

నా పెళ్లికి ముందు, కీళ్లనొప్పులకు డాక్టరు రాసిన గోళీలు చాచా దగ్గరే తెచ్చుకున్నాను. వారం దాటేసరికి జ్వరం, ఒళ్లంతా ఎర్రటి పొక్కులు. అమ్మవారు పోసిందంది అమ్మ. గుమ్మానికి వేపమండలు కట్టింది. దవాఖాన మాటెత్తితే తల్లికి కోపమొస్తుందంది. నొప్పుల గోళీ మాత్రం ఆపలేదు.

అప్పుడే చాచా ఫోన్ చేశారు. నోట్లో పుండ్లున్నాయా, కళ్లు మండుతున్నాయా అని అడిగారు. రెండూ ఉన్నాయి. పది నిమిషాల్లో స్కూటర్ మీద వచ్చి గడప బయట నిలబడ్డారు.

"అక్కా, నువ్వు రావద్దంటే లోపటికి రాను. గా గోలి మాత్రం ఇంకోటెయ్యకు."

"అమ్మోరు పోసినప్పుడు పిల్లను బయటికి తీస్తరా భాయ్?" అని అమ్మ ఏడ్చింది.

"తప్పయితే నా మీద వడనియ్యి. తల్లికి నేను దండం వెడ్త. గిది నేనమ్మిన గోలి జేసిన పని లెక్కున్నది. పిల్లను జగిత్యాల తీస్కపోదాం, లే."

మందు పడకనే ఇలా అయిందని జగిత్యాల డాక్టరు చెప్పారు. ఇంకో రెండు రోజులు వేసుకుంటే చూపు పోయేదట, ప్రాణమూ దక్కేది కాదేమో.

నేను కోలుకుంటుంటే చాచా మంచం పక్కన కూర్చుని ఒక ఫారం నింపారు. మందు వికటిస్తే ప్రభుత్వానికి తెలియజేసే ఫారం. గోళీ పేరు, అట్ట మీది బ్యాచి నంబరు, ఎప్పుడు మొదలుపెట్టానో, పొక్కులు ఎప్పుడొచ్చాయో, అన్నీ అడిగి రాశారు. సిరిసిల్లలో మందుల దుకాణం నడిపే ఆయన స్నేహితుడు, ఆ రోజు ఆయన్ను కలవడానికి వచ్చి, అది చూసి మండిపడ్డాడు.

"పిస లేసిందా నీకు? నువ్వమ్మిన గోలి మీద నువ్వే రాస్తే, రేపు నీ దుకాన్ల ఎవలన్న అడుగువెడ్తరా?"

"నేను రాయకపోతే, గిదే గోలికి ఇంకో ఇంట్ల గూడ వేపమండలు గడ్తరు" అన్నారు చాచా, తలెత్తకుండా.

నేను లేచి తిరిగాక అమ్మ పోచమ్మకు బోనం తీసి, "గా భాయ్‌ని సల్లంగ జూడు తల్లీ" అని పైకే మొక్కింది. అది విని చాచా, "అయితే తల్లికి నా మీద కోపం లేదన్నట్టే" అని నవ్వారు. దుకాణానికి వచ్చేవాళ్లు తగ్గనూ లేదు.

చాచాను చివరిసారి చూడటానికి కోరుట్ల వెళ్తే, ఆ సిరిసిల్ల స్నేహితుడు ఒక యువతిని వెంటబెట్టుకొచ్చాడు. ఆమె మరమగ్గాల కార్ఖానాలో పనిచేస్తుంది. మెడమీద మానిపోయిన పొక్కుల మచ్చలు చూడగానే నాకు అర్థమైంది.

"పోయినేడు ఒంటినిండ పొక్కులతోని నా దుకాన్లకచ్చింది" అన్నాడాయన. "మీ చాచా మాట యాదికచ్చింది. గోలి బంద్ జేయించి దవాఖానకు తోలిన. ఫారం గూడ నేనే రాసిన బిడ్డా."

ఆ క్షణంలో నాకు దుఃఖం కంటే గర్వమే ఎక్కువ కలిగింది. చాచా గెలిచారు.

"ఆయనను నేనెన్నడు జూడలే అక్కా. ఒక్కపారి జూసి పోదామని అచ్చిన" అందా అమ్మాయి.

చాచా జనాజా భుజాల మీదికి లేచింది. ఆమె ఆడవాళ్లను తప్పించుకుని ముందుకొచ్చి మునివేళ్ల మీద నిలబడింది. గల్లీ మలుపు తిరిగేదాకా, నిక్షేపంగా ఉన్న ఆ రెండు కళ్లతో, రెప్ప వేయకుండా చూస్తూనే ఉంది.