తప్పులక్క పెట్టించిన నీలం పోర్టులు

ఆ వీధిలో ఆమెను అందరూ తప్పులక్క అంటారు. తప్పులు చేస్తుందని కాదు, పట్టుకుంటుందని. పెళ్ళి కార్డు కానివ్వండి, షాపు బోర్డు కానివ్వండి, టైపు చేయించుకోవడానికి ఆమె షాపుకు ఎవరు ఏ కాగితం తెచ్చినా దాని మీద ముందు ఆమె ఎర్ర పెన్ను పడవలసిందే. ఒకసారి ఒక డాక్టరుగారు తన డిగ్రీ పేరునే తప్పు రాసుకొచ్చాడు. "చదివింది మీరేనా?" అని అడిగేసింది. ఆయన నవ్వాడు గానీ మళ్ళీ ఆ గడప తొక్కలేదు. మనసులో ఏదుంటే అది అనేసే మనిషని వీధంతా చెప్పుకుంటుంది. వీధికేం తెలుసు? ఒక్క మాట మాత్రం ఆమె నోట ఎప్పుడూ రాలేదు.

'నిన్ను చూడాలని ఉంది' అనడం ఆమెకు చేతకాదు. ఆమెకే కాదు, ఆ ఇంట్లో ఎవరికీ చేతకాలేదు. వాళ్ళ నాన్న పని లేకుండా సొంత అన్నగారింటికైనా వెళ్ళేవాడు కాదు. మరీ చూడాలనిపిస్తే, బాగున్న గొడుగు కమ్మీని తనే వంచి, అన్నయ్య చేత సరిచేయించుకొస్తానని బయలుదేరేవాడు. ఆ అన్నగారు కూడా తక్కువవాడేం కాదు, కమ్మీ సరిచేయడాన్ని పొద్దున్నుంచి సాయంత్రం దాకా సాగదీసేవాడు.

అమ్మా నాన్నా పోయాక తప్పులక్కకు మిగిలింది చెల్లెలొక్కతే. తొమ్మిదేళ్ళు చిన్నది. పక్క జిల్లాలో వంతెనలు తనిఖీ చేసే ఉద్యోగం. నెలలో ఇరవై రోజులు ఏదో ఒక నది మీద నడుముకు తాడు కట్టుకుని వేలాడుతూ, స్తంభాల పగుళ్ళకు ఫోటోలూ వీడియోలూ తీస్తుంది. తీసిన వాటికి ఒక కాపీ వేరే ఊళ్ళో భద్రంగా ఉండాలని ఆఫీసు నియమం. మూడేళ్ళ క్రితం చెల్లెలు ఫోన్ చేసి, "అక్కా, ఆ కాపీ నీ కంప్యూటర్లో పెట్టుకోనా?" అంది. "పెట్టుకో, ఎవరొద్దన్నారు?" అంది అక్క. ఫోన్ పెట్టేశాక ఆ పూటంతా షాపులో కూనిరాగాలు తీసింది.

అప్పటినుంచి రెండు నెలలకోసారి చెల్లెలు ఒక డిస్కు పట్టుకుని పదకొండింటి బస్సు దిగేది. అక్కది పదకొండేళ్ళ నాటి కంప్యూటరు. ఆమె వాడే ఫాంట్లు కొత్త మెషిన్లలో అక్షరాలను పిచ్చిగీతలు చేస్తాయి గనుక దాన్ని మార్చలేదు. దాని పోర్టులూ పాతవే, నల్లవి. డిస్కు తగిలించి కాపీ మొదలుపెడితే తెర మీద నాలుగున్నర గంటలని చూపించేది. ఆ నాలుగున్నర గంటలూ వేరే పని చేయబోతే కంప్యూటరు మొరాయిస్తుంది కాబట్టి, అక్క షట్టరు సగానికి దించేసేది.

ఇక ఆ నాలుగున్నర గంటలు వాళ్ళవి. చెల్లెలు వెనక గదిలో కాగితాల కట్టల మధ్య మంచం మీద వాలి, స్తంభాల సందుల్లో పావురాలు పెట్టిన గూళ్ళ గురించీ, ఎత్తంటే కళ్ళు తిరిగే తమ పెద్ద ఇంజినీరు గురించీ చెప్పేది. నది గాలికి చిక్కుపడిన జుట్టును అక్క పాయలు పాయలుగా విడదీసేది. "ఇది జుట్టా, తుప్పలా?" అని తిట్టేది. తింటూ పోట్లాడుకునేవాళ్ళు. తిన్నాక చెల్లెలు ఓ గంట నిద్రపోయేది. అప్పుడు అక్క చేసేదేమీ ఉండదు, పక్కన కూచుని చూసేది. ఐదింటి బస్సుకు చెల్లెలు వెళ్ళిపోయేది.

మొన్న చలికాలంలో చెల్లెలు ఒళ్ళు విరుచుకుంటూ, "అబ్బ, నీ కంప్యూటరు పెట్టె నత్తకు అక్క, అక్కా!" అంది. అది ఉత్త వేళాకోళం. కానీ తప్పు కనబడితే దిద్దందే ఊరుకోని మనిషి ముందా అనడం? మర్నాడే మెకానిక్కును పిలిపించింది.

మెకానిక్ పెట్టె మూత తీసి, "అక్కయ్యా, ఇందులో ఇంత దుమ్ముంది, విత్తనాలు చల్లితే మొలకలొస్తాయి," అన్నాడు. దుమ్మంతా ఊది, మదర్‌బోర్డు మీద ఖాళీగా ఉన్న ఒక చిన్న గాడి చూపించాడు. "మీ అదృష్టం, ఇది ఉంది. లేకపోతే కొత్త పెట్టే కొనాలి." కాపీ వేగం పెంచే అరచేయంత కార్డును ఆ గాడిలో నొక్కి స్క్రూ బిగించాడు. పెట్టె వెనకవైపు రెండు నీలం పోర్టులు కనిపించాయి. తన దగ్గరున్న డిస్కు తగిలిస్తే దాని లైటు ఒకసారి వెలిగి ఆరిపోయింది.

"చెడిపోయిందా?" అంది అక్క ఆందోళనగా.

"చెడిపోలేదు, ఆకలి. దీనికి విడిగా కరెంటు ఇవ్వాలి. నేనే మర్చిపోయాను," అని పవర్ సప్లై నుంచి ఒక వైరు తెచ్చి కార్డుకు గుచ్చాడు. డ్రైవరు సాఫ్ట్‌వేరు ఎక్కించి మళ్ళీ తగిలిస్తే డిస్కు బుద్ధిగా తిరిగింది. "ఇక చూస్కోండి, మీ చెల్లెలుగారు కాళ్ళు కడుక్కుని వచ్చేలోపు సగం అయిపోతుంది," అన్నాడు. తప్పులక్క మురిసిపోయింది. ఎంత పిచ్చిదో చూడండి, ఆ మాటలో ఉన్న నష్టం ఆమెకు తట్టనేలేదు.

చెల్లెలు వచ్చిన రోజున డిస్కు తనే తీసుకుని నీలం పోర్టుకు తగిలించి, "చూడు!" అంది గొప్పగా. తెర మీద గంటా పది నిమిషాలని పడింది.

చెల్లెలు కాసేపు తెరనే చూసింది. "భలే చేయించావే," అంది. తర్వాత వాచీ చూసుకుంది. "అయితే ఐదు దాకా ఎందుకు, ఒంటిగంట బస్సే అందుతుంది."

ఉండవే అనాలి. ఆ ఒక్క మాటా నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. "అవును మరి, అందుకో," అంది తప్పులక్క.

జుట్టు విప్పనే లేదు. ఇద్దరికీ వండిన అన్నం గిన్నెలో అలాగే ఉండిపోయింది. బస్సు కదిలాక వెనక గదిలోకొచ్చి మంచం మీద కూచుంటే ఏడుపొచ్చింది. పైగా అది తన చేతులతో తను చేయించుకున్నది, ఎవర్ని తిట్టుకుంటుంది? బెంగ పట్టుకుంది ఆమెకు. రెండు నెలలు గడిచినా చెల్లెలు రాలేదు. పదకొండింటి బస్సు హారన్ వినబడితే చేతిలో పని ఆగిపోయేది. ఫోన్ తీసేది, ఏ పని మీద చేశానని చెప్పాలో తోచక పెట్టేసేది. ఒక పెళ్ళి కార్డులో పెళ్ళికొడుకు ఇంటిపేరు తప్పు పోయింది, ఆమె చూసుకోలేదు. వీధి వీధంతా విస్తుపోయింది.

నాలుగో నెలలో చెల్లెలు వచ్చింది. చిక్కిపోయింది, ఎండకు నల్లబడింది. డిస్కు బల్ల మీద పెట్టి మంచినీళ్ళకు లోపలికి వెళ్ళింది. అక్క గబగబా పెట్టె వెనక్కి చెయ్యి పోనిచ్చి, నీలం పోర్టులు వదిలేసి, పాత నల్ల పోర్టులో డిస్కు గుచ్చింది. దొంగలా ఓసారి లోపలి వైపు చూసుకుంది.

చెల్లెలు వచ్చి తెర చూసింది. నాలుగున్నర గంటలు. వంగి పెట్టె వెనక్కి చూసింది. పగుళ్ళు వెతకడమే పనిగా బతికే మనిషికి అదొక లెక్కా?

"అక్కా, పాతదాంట్లో పెట్టావేంటి?"

తప్పులక్క ఏదో అబద్ధం వెతుక్కుంది. కార్డు వేడెక్కుతోందని అనబోయింది. కానీ చెల్లెలి మొహం చూసేసరికి అన్నీ ఎగిరిపోయాయి.

"తొందరగా అయిపోతే వెళ్ళిపోతావు కదే," అంది. "నువ్వు లేకపోతే నాకేం బాగుండట్లేదు."

చెల్లెలు మంచం పట్టె మీద కూలబడింది. "నేనొస్తే నీ షాపు పూటంతా మూతపడుతోందని, నన్ను తొందరగా పంపేద్దామని ఆ కార్డు పెట్టించావనుకున్నాను," అంది. "అందుకే రాలేదు."

"నిన్ను పంపేయడానికా? నేనా?"

"నాకెలా తెలుస్తుంది? ఉండమని ఒక్క ముక్కన్నావా?"

"నువ్వు మాత్రం ఉంటానన్నావా? ఆఫీసు కాపీ కోసం కాకపోతే ఈ గుమ్మం ఎక్కేదానివేనా?"

చెల్లెలు తల వంచుకుంది. "ఆఫీసుకు ఈ కాపీ అక్కర్లేదక్కా," అంది మెల్లగా. "పోయిన ఏడాదే అంతా ఆన్‌లైన్లో దాచుకునే ఏర్పాటు చేశారు. తీసినవి తీసినట్టు సాయంత్రానికల్లా వెళ్ళిపోతాయి."

"మరి ఈ డిస్కు?"

"ఉత్త చేతుల్తో వచ్చి, ఎందుకొచ్చానని చెప్పను?"

తప్పులక్క మౌసు అందుకుంది. తెర మీద కాపీ ఇంకా రెండు శాతం దగ్గరే ఉంది.

"ఆపేయనా?" అంది.

"ఆపెయ్యి."

ఆపేసింది. డిస్కు ఊడదీసి చెల్లెలి సంచిలో పెట్టింది, కంప్యూటరు కట్టేసింది. చెల్లెలు వెళ్ళడానికి లేవలేదు.